షవర్ తెరతో పిల్లల తొడుగు కుట్టిన తల్లి ఎవరు?

ప్రశ్న (మలక్‌పేట): ముసురు వల్ల లంగోటాలు ఆరడం లేదు. పైన రబ్బరు తొడుగు వేస్తే మా నాలుగు నెలల పాపకు తొడల సందున ఒరుసుకుపోయి ఎర్రబడుతోంది. పూర్వం ఒక తల్లి స్నానాల గది తెరను కత్తిరించి పిల్లలకు తొడుగు కుట్టారని మా అత్తగారు అన్నారు. ఆమె ఎవరో దయచేసి చెప్పగలరా?

జవాబు (తార్నాక): ఆమె అమెరికాకు చెందిన మేరియన్ డోనవన్ (1917–1998). పక్కబట్టలు మాటిమాటికి తడవడంతో విసిగి, 1946లో షవర్ తెరను కత్తిరించి కుట్టు మిషనుపై నమూనాలు కుట్టుకుంటూ పోయి, చివరకు పారాచూట్ నైలాన్‌తో ‘బోటర్’ అనే తొడుగును సిద్ధం చేశారు. పసిపిల్లలకు గుచ్చుకునే పిన్నీసుల బదులు టిచ్ బటన్లు పెట్టడం నా దృష్టిలో తల్లికి మాత్రమే తట్టే ఆలోచన. అది 1949లో న్యూయార్క్‌లోని సాక్స్ ఫిఫ్త్ అవెన్యూ అనే పెద్ద దుకాణంలో అమ్మకానికి వచ్చింది. 1951లో పేటెంట్ లభించగా, హక్కులను పది లక్షల డాలర్లకు అమ్మారు.

జవాబు (అంబర్‌పేట): వాడి పారేసే కాగితపు డైపర్‌ను కూడా ఆమె రూపొందించారు గానీ, తయారీదారులు ముందుకు రాలేదు, పాంపర్స్ 1961లో గాని రాలేదు. అమ్మా, పాపకు తొడుగు తీసి కాసేపు గాలి తగలనివ్వండి. లంగోటాలను ఇస్త్రీ చేసి ఆరబెట్టండి. ఎరుపు తగ్గకపోతే పిల్లల డాక్టరుకు చూపించండి.

ప్రశ్న అడిగినవారు: కృతజ్ఞతలు. ఇస్త్రీపెట్టె ఇప్పుడే తీశాను.