కొత్తగా చేరిన అమ్మాయికి ఏ టైపింగు నేర్పాలి: అనూనా, ఇన్‌స్క్రిప్టా, ఫోన్లో చదివి కొట్టించడమా?

కోర్టుగేటు_డీటీపీ:
మాది కోర్టు ఎదురుగా చిన్న డీటీపీ, జిరాక్స్ షాపు. పదిహేనేళ్లుగా అను అనే పాత తెలుగు ఫాంట్లు, వాటికి వాడే యాపిల్ అనే మీటల వరస, పేజీలు కట్టే పేజ్‌మేకర్, ఈ మూడే మాకు అన్నం పెడుతున్నాయి. పొద్దున పిటిషన్లు, మధ్యాహ్నం స్కూళ్ల ప్రశ్నపత్రాలు, పెళ్లిళ్ల సీజన్లో శుభలేఖలు.

పోయిన వారం ఒక అమ్మాయి పనిలో చేరింది. డిగ్రీ అయింది, చురుకైన పిల్ల. ఫోన్లో తెలుగంతా ఇంగ్లీషు అక్షరాలతోనే కొడుతుంది. "సార్, మీ కీబోర్డు రావడానికి ఎన్నాళ్లు పడుతుంది?" అంది. మూణ్ణెల్లు అన్నాను. ఏమీ అనలేదు. ఫోన్ తీసి, మైకు బొమ్మ నొక్కి, బల్ల మీదున్న పిటిషన్ మొదటి పేరా గడగడా చదివేసింది. నేను కళ్లజోడు తుడుచుకునేలోగా పేరా తయారు.

అప్పట్నుంచి టెన్షన్ పట్టుకుంది. ఈ పిల్లకి మూణ్ణెల్లు నా పాత విద్య నేర్పడం న్యాయమేనా? విండోస్‌లో వచ్చే ఇన్‌స్క్రిప్ట్ అనే మీటల వరస నేర్పనా? అసలు ఏమీ నేర్పకుండా చదివి కొట్టించనా? రోజూ ఈ పని చేసేవాళ్లు చెప్పండి. యూట్యూబ్ చూసి చెప్పేవాళ్లు వద్దు.

పల్లెబడి_మాస్టారు:
ఆ అమ్మాయి చేసిందే కరెక్టు. గూగుల్ 2017లో తెలుగు వాయిస్ టైపింగ్ ఇచ్చింది. నాకు అలవాటై నాలుగేళ్లయింది. బడి నివేదికలు, తల్లిదండ్రుల సమావేశం మినిట్స్, అన్నీ నోటితోనే. కంప్యూటర్లో అయితే క్రోమ్‌లో గూగుల్ డాక్స్ తెరిచి, భాష తెలుగు అని పెట్టి, కంట్రోల్, షిఫ్ట్, ఎస్ కలిపి నొక్కండి. మైకు వస్తుంది. ఒక పేజీ పది నిమిషాలు. తప్పులు దిద్దడానికి ఇంకో ఐదు. కీబోర్డు మీద ఇదే పేజీ నాకు ముప్పావుగంట పట్టేది.

దస్తావేజు_రాతగాడు:
మాస్టారూ, మీ నివేదికలో ఒక ఒత్తు పోతే హెడ్మాస్టరు నవ్వి ఊరుకుంటారు. నేను దస్తావేజులు రాస్తాను. మొన్న మావాడు ఫోన్లో చదివి పొలం హద్దులు కొట్టాడు. "పడమర హద్దు" అన్నచోట "పడమర వద్దు" అని పడింది. వాడికి కనపడలేదు, నాకూ మొదటిసారి కనపడలేదు. ఎందుకంటే "వద్దు" కూడా మంచి తెలుగు మాటే. చేత్తో కొట్టినప్పుడు వచ్చే తప్పు తప్పులాగే కనపడుతుంది. ఫోను చేసే తప్పు ఒప్పులాగా కూర్చుంటుంది. పట్టుకోవాలంటే ప్రతి మాటా అసలు కాగితంతో సరిపోల్చాలి. ఆ సమయం ఎవరూ లెక్కలో వెయ్యరు. ఇంటిపేర్లు, ఊరిపేర్లు, ల, ళ తేడాలు, సర్వే నంబర్లలో బై నంబర్లు, వీటి గోల వేరే.

కోర్టుగేటు_డీటీపీ:
ఇంకో మాట నేనే మర్చిపోయాను. ఆ అమ్మాయి చదివింది విడాకుల పిటిషన్. అప్పుడు షాపులో నలుగురు జిరాక్స్ కోసం నిలబడి ఉన్నారు. మా దగ్గర బెంచీ మీద వాదీ ప్రతివాదీ పక్కపక్కనే కూర్చునే రోజులు కూడా ఉంటాయి. గట్టిగా చదవద్దమ్మా అని చెప్పాల్సి వచ్చింది.

పల్లెబడి_మాస్టారు:
అది నాకు తట్టలేదు. ఒప్పుకుంటున్నాను, కోర్టు కాగితాలకు వద్దు. మిగతా వాటికి నా మాట మీదే ఉన్నాను.

ప్రెస్సు_బాబాయ్:
అందరూ అనుని పాతచెప్పులా తీసిపారేస్తున్నారు. శుభలేఖ మీద "శ్రీరస్తు" అన్న మాట ఎలా ఉండాలో తెలుసా? అనులో ఉన్న వంపు, నిండుదనం అన్ని కంప్యూటర్లలో తెలుగుగానే కనపడుతుందనే మీ యూనికోడ్ ఫాంటు గౌతమిలో ఉందా? పెళ్లివారు కార్డు చేతిలోకి తీసుకుని అక్షరం చూస్తారు, మీ కోడ్ చూడరు. పైగా మా ఊళ్లో ఏ ప్రెస్సుకు వెళ్లినా పేజ్‌మేకర్ ఫైలే అడుగుతారు. అమ్మాయికి రేపు ఇంకో షాపులో ఉద్యోగం కావాలన్నా అను వచ్చా అనే అడుగుతారు. ముందు కూడు పెట్టే విద్య నేర్పవయ్యా.

వికీ_పురుగు:
బాబాయ్, గౌతమి 2001లో విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన ఫాంటు. దాన్ని చూపించి యూనికోడ్ అందంగా ఉండదంటే ఎలా? రామభద్ర, సూరన్న, పొన్నాల, మండలి, ఎన్‌టీఆర్, ఇవన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. పేజీలు కట్టే ఇన్‌డిజైన్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ అన్న సెట్టింగు పెడితే ఒత్తులు చక్కగా పడతాయి. మీ పేజ్‌మేకర్ 7 కూడా 2001 నాటిదే, తర్వాత అడోబీ కొత్త వెర్షనే తేలేదు. దానికి తెలుగు యూనికోడ్ తెలియదు.

అనుతో అసలు చిక్కు అందం కాదు. అందులో నిజానికి తెలుగు లేదు. ఇంగ్లీషు అక్షరాల చోట తెలుగు బొమ్మలు పెట్టారంతే. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే పిచ్చి గుర్తులు. మెయిల్లో పెడితే పిచ్చి గుర్తులు. పదిహేనేళ్ల ఫైళ్లలో ఒక మనిషి పేరు వెతకమంటే కోర్టుగేటు గారు వెతకగలరా? ప్రతి భాష అక్షరానికీ సొంత సంకేతం ఇచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచీ చోటుంది. ముప్పై ఏళ్లు దాటాక కూడా మనం బొమ్మలు అతికిస్తున్నాం.

కోర్టుగేటు_డీటీపీ:
వెతకలేను. ఫైలుకు వకీలుగారి పేరు, తేదీ ఇంగ్లీషులో పెట్టుకుంటా. తేదీ మర్చిపోతే మళ్లీ కొట్టడమే.

బెంగుళూరు_అనువాదం:
నేను అనువాదాలు చేస్తాను, రోజంతా టైపింగే. మొదట లేఖినిలో కొట్టేదాన్ని. బ్రౌజర్లో తెరిచి ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే తెలుగు వస్తుంది, హాయిగా ఉంటుంది. తర్వాత గూగుల్ ఇన్‌పుట్ టూల్స్‌కి మారాను. విండోస్‌లో వేసుకునే ఆ ఇన్‌స్టాలర్‌ని గూగుల్ ఆపేసింది. కొత్త ల్యాప్‌టాప్ కొన్నరోజు నా చేతులు కట్టేసినట్టయింది. విండోస్ 10లో 2019 నుంచి ఫొనెటిక్ కీబోర్డు ఉంది కానీ, అప్పటికే నాకు బుద్ధొచ్చి ఇన్‌స్క్రిప్ట్ మొదలుపెట్టాను.

ఇన్‌స్క్రిప్ట్ గురించి ఎవరూ సరిగా చెప్పడం లేదు కాబట్టి కాస్త పెద్దగా రాస్తున్నా. అచ్చులు, గుణింతాలు ఎడమచేతికి. హల్లులు చాలావరకు కుడిచేతికి. కె మీట నొక్కితే క, షిఫ్ట్‌తో నొక్కితే ఖ. ఐ మీట మీద గ, షిఫ్ట్‌తో ఘ. డి మీట పొల్లు, ఒత్తులన్నీ దాంతోనే. పలక మీద నేర్చుకున్న వరసే, వేళ్లకు ఎక్కిస్తారు. ఇంగ్లీషు అక్షరాలతో కొట్టే అలవాటున్నవాళ్లకి మొదటి వారం నరకం. హెచ్ నొక్కితే ప వస్తుంది, పి నొక్కితే జ వస్తుంది. నేను ఏడ్చాను కూడా.

కానీ ఈ లెక్క చూడండి. "కమలం" లేఖినిలో ఏడు నొక్కులు, ఇన్‌స్క్రిప్ట్‌లో నాలుగు. క, మ, ల, సున్న, అయిపోయింది. హల్లులో ఉన్న "అ"ని మళ్లీ మళ్లీ కొట్టక్కర్లేదు. "తెలుగు" అన్న మాటకు రెండింట్లోనూ ఆరే, అది నిజం. రోజుకు పదిహేను పేజీలు కొట్టేవాళ్లకి సాయంత్రానికి మణికట్టు చెబుతుంది తేడా. పైగా ఇది ఒక కంపెనీ సరుకు కాదు, 1991 నాటి భారతీయ ప్రమాణంలోనే ఉన్న వరస. ఇదే మీట మీద హిందీలోనూ క, కన్నడంలోనూ క. బెంగుళూరులో నాకు ఆ కన్నడమే రెండో సంపాదన అయింది. అమ్మాయికి ఇదే నేర్పండి, అన్నా.

ప్రెస్సు_బాబాయ్:
అమ్మా, నువ్వు అనువాదానికి పేజీ లెక్కన తీసుకుంటావు. ఈయన షాపులో పిటిషన్ ఇచ్చిన మనిషి కౌంటర్ మీద తల పెట్టి "అయిందా, అయిందా" అంటుంటాడు. పదకొండింటికి ఆ కాగితం జడ్జిగారి ముందు ఉండాలి. అక్కడ మొదటి వారం నరకం ఎవరు భరిస్తారు?

బెంగుళూరు_అనువాదం:
బాబాయ్, అనుకైతే మూణ్ణెల్లు భరిస్తారా?

దస్తావేజు_రాతగాడు:
ఇద్దరూ ఆగండి. రద్దీ వేళ ఆయనే కొడతాడు, పన్నెండు దాటాక అమ్మాయి ప్రశ్నపత్రాల మీద నేర్చుకుంటుంది. ప్రశ్నపత్రానికి తొందర తక్కువ.

(మూడు వారాల తర్వాత)

కోర్టుగేటు_డీటీపీ:
అడిగి మాయమైపోయానని తిట్టుకోకండి. ఇన్‌స్క్రిప్టే మొదలుపెట్టించాను. కీబోర్డు మీద అంటించే తెలుగు స్టిక్కర్లు తెస్తే వద్దంది. కాగితం మీద వరస రాసుకుని మానిటర్ కింద అతికించుకుంది. పది రోజులు చాలా నెమ్మది. ఒక వకీలుగారు కాగితాలు లాక్కుని పక్కషాపుకు వెళ్లిపోయారు. ఆ డబ్బు నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది. పద్ధెనిమిదో రోజున రెండు పేజీల కౌంటరు (ప్రతివాది జవాబు) తనే కొట్టింది. నాకంటే నెమ్మదే, కానీ దిద్దడానికి రెండే తప్పులు దొరికాయి.

నిన్న ఒకాయన వచ్చి పోయినవారం కాగితం మళ్లీ కావాలన్నాడు. తేదీ గుర్తులేదు, వకీలు పేరు కూడా తప్పు చెప్పాడు. అది అమ్మాయి ఇన్‌స్క్రిప్ట్‌తో, అంటే యూనికోడ్‌లో, కొట్టిన కాగితమే. ఆయన ఇంటిపేరు తెలుగులో కొట్టి వెతికింది, ఫైలు వచ్చేసింది. నేను చూస్తూ ఉండిపోయాను.

శుభలేఖలు మాత్రం బాబాయ్ మాటే, అనులోనే నడుస్తున్నాయి. మా ప్రెస్సు మారేదాకా నేను మారలేను. మాస్టారు చెప్పిన మైకు కూడా వదల్లేదు. స్కూలువాళ్లు ఇచ్చే పొడుగు పాఠాలకి, షట్టరు సగం దించాక, వాడుతోంది. నేనూ ఇన్‌స్క్రిప్ట్ పట్టుకుని చూశాను. వేళ్లు యాపిల్ వైపే పోతున్నాయి. నా వల్ల కాదు.

ఇప్పుడు కొత్త తలనొప్పి. పాత అను ఫైళ్లు యూనికోడ్‌లోకి మారుద్దామని ఒక ఆన్‌లైన్ కన్వర్టర్లో వేస్తే సగం ఒత్తులు ఎగిరిపోతున్నాయి, "క్ష" ఉన్నచోట ఏదో గీత వస్తోంది. ఎవరికైనా తెలుసా?

వికీ_పురుగు:
అను 6లో కొట్టిన ఫైలుని అను 7 అని ఎంచి ఉంటారు. రెండింటి లోపలి అమరిక ఒకటి కాదు. ఒక్క పేరా పాతదిగా ఎంచి వేసి చూడండి, ఫలితం ఇక్కడ పెట్టండి. పిటిషన్ది వద్దు, శుభలేఖది పెట్టండి.