చలికాలంలో ఉప్పునీటి గాలం: టాంపాకు వెళ్లే కడపవాసి సందేహం

ప్రశ్న (కడప నుంచి):
మైలవరం జలాశయం గట్టున కూర్చుని పిండిముద్దతో శీలావతి, బొచ్చె పట్టడం తప్ప నాకు ఉప్పునీటి వేట తెలియదు. జనవరిలో ఫ్లోరిడాలోని టాంపాలో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్తున్నాను. అక్కడి అఖాతంలోనూ, మడచెట్ల మధ్య పాయల్లోనూ చలికాలంలో కూడా చేప పడుతుందని అల్లుడు అంటున్నాడు. నీరు చల్లబడితే మన దగ్గర చేప ఎర ముట్టదు కదా, అక్కడెలా? పట్టినదాన్ని పులుసు పెట్టుకోవచ్చా?

జవాబు (అనంతపురం నుంచి):
మా అబ్బాయి దగ్గర రెండు చలికాలాలు గడిపాను కనుక రాస్తున్నాను. తెల్లవారకముందే గాలం పట్టుకుని బయలుదేరే మన అలవాటు, ఉత్తరపు చలిగాలి దిగిన రోజుల్లో అక్కడ పనికిరాదు. లోతు తక్కువగా ఉండి అడుగున నల్లని బురద ఉన్నచోట ఎండకు నీరు త్వరగా వేడెక్కుతుంది కాబట్టి, రెడ్‌ఫిష్ వంటివి మధ్యాహ్నం దాటాక అక్కడికి చేరతాయి. పాటు మొదలైనప్పుడు మడవేళ్ల మధ్య నుంచి నీటితోపాటు చేప కూడా పాయ నోటికి దిగుతుంది; ఆ రోజు పోటుపాట్ల వేళలు ముందే చూసుకోండి. బతికున్న రొయ్యను గుచ్చి అడుగున వదిలేయండి. చలికి మందగించిన చేప ఎరను వెంటాడదు. ఇది తెలియక మొదటి రోజు లాగిలాగి వట్టి చేతులతో ఇంటికి వచ్చాను.

జవాబు (కర్నూలు నుంచి):
స్నూక్ పడితే మురిసిపోకండి. పక్కన నల్లగీత ఉండే ఈ చేప మన పండుగప్పకు దూరపు చుట్టం. నీరు 10 డిగ్రీల సెల్సియస్ దరిదాపులకు పడిపోతే బతకదు; 2010 జనవరి చలికి అక్కడ పెద్దఎత్తున చనిపోయాయి. టాంపా వైపు డిసెంబరు నుంచి ఫిబ్రవరి చివరిదాకా దాన్ని ఉంచుకోకూడదు, వదిలేయాలి. అపోలో బీచ్ విద్యుత్ కేంద్రం వదిలే వేడినీటి దగ్గర మనాటీలు (నీటిలో బతికే పెద్ద క్షీరదాలు) చలి కాచుకుంటాయి కనుక, నవంబరు 15 నుంచి మార్చి 31 దాకా అటు పడవలను రానివ్వరు. మీ పులుసుకు షీప్స్‌హెడ్ ఉంది. వంతెన స్తంభాల దగ్గర చలికాలంలోనే బాగా పడుతుంది. నోరు తెరిస్తే అచ్చం మనిషి పళ్లే! 12 అంగుళాలకు తగ్గనివి రోజుకు 8 దాకా ఉంచుకోవచ్చు.

జవాబు (ప్రొద్దుటూరు నుంచి):
లైసెన్సు మాట ఎవరూ ఎత్తలేదు. 65 ఏళ్లు దాటినవారికి ఉన్న మినహాయింపు ఆ రాష్ట్రవాసులకే. బయటివారికి 7 రోజుల ఉప్పునీటి లైసెన్సు 30 డాలర్లు. గైడు పడవలో వెళితే ఆయన లైసెన్సే చాలు.

కడప నుంచి:
అందరికీ ధన్యవాదాలు. షీప్స్‌హెడ్‌కు కూడా రొయ్యేనా?

కర్నూలు నుంచి:
రొయ్య సరిపోతుంది గానీ, ఒక డెక్క పెద్దగా ఉండే చిన్న బురదపీత దొరికితే ఇంకా మేలు. బెండు కదిలేదాకా ఆగితే కొక్కెం ఖాళీ అవుతుంది. దారం కాస్త బరువెక్కినట్టు తోచగానే ఎత్తండి.