యుసేబియో గోల్స్ పట్టిక: 1975 తర్వాతి సీజన్ల లెక్క ఎలా కట్టాలి?

పోర్చుగల్ ఫుట్‌బాల్ ఫార్వర్డ్ యుసేబియో కెరీర్ మొత్తానికి సీజన్ల వారీ పట్టిక తయారుచేస్తున్నాను. పోర్చుగల్ క్లబ్బు బెన్‌ఫికాకు ఆడిన కాలం వరకు చిక్కు లేదు. అధికారిక మ్యాచ్‌లు 440, గోల్స్ 473. స్నేహపూర్వక మ్యాచ్‌లు కూడా కలిపేసిన చోట మాత్రం 614 మ్యాచ్‌లు, 638 గోల్స్ అని కనిపిస్తుంది. ఈ రెండూ ఒకే వరుసలోకి రాకూడదు.

1966 ప్రపంచకప్ గోల్స్ మ్యాచ్ మ్యాచ్‌కీ సరిపోయాయి: బల్గేరియాపై 1, బ్రెజిల్‌పై 2, ఉత్తర కొరియాపై 4, ఇంగ్లండ్‌పై 1, సోవియట్ యూనియన్‌పై 1. మొత్తం 9, అందులో పెనాల్టీలు 4. హంగరీపై గోల్ లేదు.

అసలు ఇబ్బంది 1975 తర్వాతే. అప్పటి అమెరికా లీగ్ (కెనడా జట్లు కూడా అందులోనే ఆడేవి) వేసవిలో నడిచి ఆగస్టులో ముగిసేది, పోర్చుగల్ లీగ్ ఆ తర్వాతే మొదలయ్యేది. 1976 ఆగస్టులో టొరంటో తరఫున ఆ లీగ్ ఫైనల్లో గోల్ కొట్టి కప్పు గెలిచినవాడు 1976-77 సీజన్లో పోర్చుగల్ క్లబ్బు బెయిరా-మార్‌కు ఆడాడు, 1977లో మళ్లీ అమెరికా లీగ్‌కే, ఈసారి లాస్ వేగాస్ జట్టుకు వెళ్లాడు. "1976-77" అని ఒకే గడి పెడితే కొన్ని గోల్స్ రెండుసార్లు పడతాయి, కొన్ని జారిపోతాయి. అందుకే అమెరికా వరుసలకు ఒకే సంవత్సరం, పోర్చుగల్, మెక్సికో వరుసలకు రెండేళ్లు రాస్తున్నాను. ఇది సరైన పద్ధతేనా?

మాంటెరీ (మెక్సికో), బెయిరా-మార్, ఉనియావ్ దె తోమార్ (పోర్చుగల్) క్లబ్బులకు ఆయన ఆడిన మ్యాచ్‌ల తేదీలతో గోల్స్ జాబితా ఎవరి దగ్గరైనా ఉందా? ఆనాటి పత్రికల్లోని స్కోరు వివరాలైతే మరీ మంచిది. మొత్తం సంఖ్య ఒక్కటే చెబితే సరిచూసుకునే వీలుండదు, దయచేసి తేదీ, ప్రత్యర్థి జట్టు పేరు కూడా ఇవ్వండి.