కాసులే మీద బ్రెడ్‌పొడి చల్లాలా, వద్దా?

తులూజ్_తెలుగోడు:
దక్షిణ ఫ్రాన్స్ వంటకం కాసులే గురించి ఒక తగువు. తెల్ల బీన్స్, సాసేజ్, కొవ్వులో మగ్గించి దాచిన బాతు మాంసం కలిపి ఓవెన్‌లో గంటలకొద్దీ ఉడికిస్తారు. మా తులూజ్‌లో చాలాచోట్ల పైన బ్రెడ్‌పొడి చల్లి ఎర్రగా కాలుస్తారు. దగ్గర్లోని కాస్టెల్నోదరీ ఊరివాళ్లు మాత్రం పొడి కనిపిస్తే మొహం తిప్పుకుంటారు. లోపలంతా మెత్తనే, పైన ఏదో ఒకటి పంటికి తగలాలి కదండీ? నా ఓటు పొడికే.

మట్టికుండ:
పంటికి తగలాల్సిందే, దానికి పొడి ఎందుకు? అసలు వండే కాసోల్ అనే మట్టిపాత్రను చూడండి. అడుగు ఇరుకు, మూతి వెడల్పు. కాస్టెల్నోదరీ పక్కనున్న ఇస్సెల్ ఊరి కుమ్మరులకు దాంతో పేరొచ్చింది. మూతి వెడల్పు కాబట్టి పైభాగానికి వేడి బాగా తగులుతుంది. పంది చర్మం జిగురు, బీన్స్ గంజి, కొవ్వు కలిసి దానంతటదే పొర కడుతుంది. రంగు తిరగగానే గరిటెతో లోపలికి నొక్కేస్తే మళ్లీ కొత్తది కడుతుంది. ఏడుసార్లు నొక్కాలని అక్కడి పెద్దల మాట. నొక్కిన ప్రతిసారీ కాలిన రుచి పులుసులోకి దిగుతుంది. పొడి చల్లారంటే అంతసేపు ఆగే ఓపిక లేదని అర్థం.

అడ్డుపుల్ల:
పెద్దల మాటకేం లెండి! నూరేళ్ల యుద్ధంలో ఇంగ్లీషువాళ్లు ముట్టడిస్తే, ఊళ్లో మిగిలిన బీన్స్, మాంసం ఒకే కుండలో వేసి సైనికులకు పెట్టారనీ వాళ్లే చెబుతారు. ఆ యుద్ధం 1453లో ముగిసింది. ఈ తెల్ల బీన్స్ అమెరికా నుంచి వచ్చింది 1492 తర్వాతే, మన మిరపకాయలాగే. నిన్నగాక మొన్నొచ్చిన బీన్స్‌కి లేని మడి బ్రెడ్‌పొడికి దేనికి?

మట్టికుండ:
అప్పట్లో ఐరోపాలో ముందునుంచీ ఉన్న ఫావా బీన్స్‌తో వండేవాళ్లంటారు. సరే, కథ పోతే పోనివ్వండి, కుండ ఉంది కదా. వంటల పండితుడు ప్రోస్పేర్ మోంతాన్యే మూడు ఊళ్ల కాసులేలను క్రైస్తవ త్రిత్వంతో పోల్చాడు: తండ్రి కాస్టెల్నోదరీ, కొడుకు కార్కాసోన్, పరిశుద్ధాత్మ తులూజ్. ఆయన పుట్టింది కార్కాసోన్‌లో! వేట కాలంలో కౌజుపిట్టలు, మామూలుగా గొర్రె మాంసం వేసే సొంతూరిని కాదని పక్కూరికి పెద్దరికం ఇచ్చాడు.

ద్రాక్షతోట:
పొడి గొడవ సరే, గ్లాసులో ఏం పోస్తున్నారు? ఈ కొవ్వుకి కోర్బియేర్ లేదా మినర్వువా ఎర్ర వైన్ కావాలి. రెండూ 1985లో ఏఓసీ, అంటే ఫలానా ప్రాంతపు వైన్ అని ఫ్రాన్స్ ఇచ్చే అధికారిక గుర్తింపు, పొందాయి. ముదురు తీగల కారిన్యాన్ ద్రాక్ష ఉన్నవైతే మరీ మంచిది, ఆ పులుపు నాలుక మీది జిడ్డును కడిగేస్తుంది. కొత్త ఓక్ పీపాల్లో మగ్గబెట్టినవి వద్దు, వెనీలా వాసన బాతు మాంసాన్ని మింగేస్తుంది.

అడ్డుపుల్ల:
నేనైతే లిమూ బుడగల తెల్ల వైన్ అంటాను. కార్కాసోన్‌కి దగ్గరే. జిడ్డు తీయడానికి బుడగల్ని మించింది లేదు.

ద్రాక్షతోట:
మొదటి రెండు ముద్దల వరకు ఒప్పుకుంటాను. ఆ తర్వాత సాసేజ్ ముందు అది నీళ్లే.

తులూజ్_తెలుగోడు:
మట్టికుండగారూ, ఇంత నిష్ఠ చెబుతున్నారు, అదే కాస్టెల్నోదరీలో కాసులేని డబ్బాలకెత్తి దేశమంతా అమ్ముతున్నారే! డబ్బాలో పొర ఎక్కడ కడుతుంది?

మట్టికుండ:
డబ్బా విప్పి కాసోల్‌లోకి ఒంపి, ఓవెన్‌లో పెట్టండి. కడుతుంది. పొడి లేకుండానే.