అప్‌డేట్: నీటిపిల్లి కోసం పెట్టిన కెమెరా, ఖాళీ ఫొటోల గొడవ తేలింది

కోరింగ మడ అడవి పక్కన మా చేపల చెరువు గట్టు మీద నీటిపిల్లి (చేపలు పట్టి తినే ఫిషింగ్ క్యాట్) కోసం కట్టిన కెమెరా రోజూ వందలకొద్దీ ఖాళీ ఫొటోలు తీస్తోందని గత నెల అడిగాను. జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

బ్యాటరీలు మార్చాను, కొత్త మెమరీ కార్డు కొన్నాను, రెండూ దండగ. ఈ కెమెరా తనంతట తానే ఫొటో తీసేలా చేసే సెన్సర్ పసిగట్టేది వేడిలో కదలికను. కెమెరా పడమర ముఖంగా ఉంది; ఎండకు కాగిన జమ్ము గాలికి ఊగినప్పుడల్లా క్లిక్కుమనేది. ఒకరు చెప్పినట్టే ఉత్తరానికి తిప్పి, ఎదురుగా ఉన్న జమ్ము కోశాను. గుంజ మీద పోటునీరు వదిలిన బురద చార చూసుకుని, దానికి జానెడు పైన కట్టాను. మర్నాటి నుంచి ఖాళీలు పదికి లోపే.

కోరింగ అభయారణ్యంలో కెమెరా పెట్టాలంటే అటవీశాఖ అనుమతి కావాలన్నది నిజమే గానీ, ఈ గట్టు మా సొంతం.

నీటిపిల్లి దొరికిందని అప్పుడు సంబరపడి చూపించిన పాత ఫొటో మాత్రం దానిది కాదట. ఒంటి మీద మచ్చలు లేవు, కాళ్లు పొడవు, అది మామూలు అడవిపిల్లి అని ఒక వన్యప్రాణి పరిశోధకుడు తేల్చారు. అసలుది పదకొండో రాత్రి వచ్చింది: వీపు పొడవునా వరుసలు కట్టిన నల్లమచ్చలు, పొట్టి తోక, తడిసిన ముందుకాళ్లు. నోట్లో మా జిలేబి చేప. పోనీలెండి.