ఫ్రిజ్ రాత్రిపూట బుడబుడమంటోంది, ఫట్‌మంటోంది... రిపేరా, మామూలేనా?

ప్రశ్న (నిద్రపట్టనివాడు):
కొత్త ఫ్రిజ్ తెచ్చి మూడు వారాలైంది. డబుల్ డోర్, ఇన్వర్టర్ కంప్రెసర్. పగలు ఏమీ తెలియదు, అందరూ పడుకున్నాక మొదలు. గుయ్‌మని ఒకటే మోత, ఆగనే ఆగదు. మధ్యలో సీసాలోంచి నీళ్లు వంపుతున్నట్టు బుడబుడ, కాసేపటికి లోపల ప్లాస్టిక్ విరిగినట్టు ఫట్‌మని ఒక్కటి. నిన్న రాత్రి రెండింటికి వేడి పెనం మీద నీళ్లు చిలకరించినట్టు చుయ్‌మంది, లేచి వెళ్లి తలుపు తీస్తే ఏమీ లేదు, పైగా లోపలి ఫ్యాన్ కూడా టక్కున ఆగిపోయింది. చల్లదనం మాత్రం బాగానే ఉంది. గ్యాస్ లీకవుతోందేమోనని టెన్షన్.

జవాబు (పాత పానా):
అన్నీ మామూలువేనండి. బుడబుడ అనేది గ్యాస్ గొట్టాల్లో పారే చప్పుడు. ద్రవంగా ఉన్నది సన్నటి గొట్టం దాటి ఫ్రీజర్ కాయిల్‌లోకి వచ్చి అక్కడ మరుగుతుంది, కంప్రెసర్ ఆగాక కూడా రెండు వైపులా ప్రెజర్ సమానమయ్యేదాకా కాసేపు అలాగే వినిపిస్తుంది. లీకైతే మీకు ముందు తెలిసేది చల్లదనం తగ్గడం, చప్పుడు కాదు.

చుయ్‌మన్నది డీఫ్రాస్ట్. కాయిల్ మీది మంచు కరిగించడానికి హీటర్ దానంతటదే వెలుగుతుంది, చుక్కలు దాని మీద పడితే అలాగే అంటుంది. ఆ నీళ్లు వెనక ట్రేలోకి పోయి కంప్రెసర్ వేడికి ఆవిరైపోతాయి. ఫట్‌మనేది వేడికీ చలికీ ప్లాస్టిక్ సాగి ముడుచుకోవడం. తలుపు తీస్తే ఫ్యాన్ ఆగాలి కూడా, లేకపోతే చల్లగాలంతా బయటికే కదా. ఇక ఆగని మోత అంటారా, పాతవి ఫుల్ స్పీడులో తిరిగి ఆగిపోయేవి, ఇన్వర్టర్‌ది చాలావరకు ఆగే బదులు నెమ్మదిస్తుంది.

జవాబు (గరగర బాధితురాలు):
అన్నిటినీ మామూలే అని వదిలేయకండి. కాసేపు గుర్రుమని, టక్‌మని ఆగి, కొన్ని నిమిషాలకు మళ్లీ అదే వరస అయితే కంప్రెసర్ స్టార్టవ్వలేక ఓవర్‌లోడ్ (వేడెక్కితే కరెంటు ఆపే రక్షణ స్విచ్) కట్ చేస్తోందని అర్థం. రిలే (కంప్రెసర్‌ని స్టార్ట్ చేసే భాగం) పోయి ఉండొచ్చు, వోల్టేజ్ తక్కువై ఉండొచ్చు, కంప్రెసరే పోయి ఉండొచ్చు. అప్పుడు మెకానిక్‌ని పిలవాల్సిందే. గరగర వచ్చి తలుపు తీయగానే ఆగితే ఫ్యాన్ రెక్కలకు మంచు తగులుతోందేమో చూడాలి, కత్తితో మాత్రం గీకొద్దు, గొట్టానికి చిల్లు పడితే అసలుకే మోసం.

మా ఇంట్లో నెల రోజులు గడగడలాడింది. వచ్చినతను కంప్రెసర్ మార్చాలన్నాడు. నాకు నమ్మకం కుదరక ఫ్రిజ్‌ని కాస్త ముందుకు జరిపితే చప్పుడు పోయింది! వెనక గొట్టం గోడకు ఆనుకుని కొట్టుకుంటోంది, అంతే.

జవాబు (పాత పానా):
అది చాలామంది ఇళ్లలో ఉన్నదే. ముందుగా ఫ్రిజ్ కాళ్లు తిప్పి లెవెల్ చేయండి, నాలుగూ నేలకు ఆనాలి. వెనక చెయ్యి పెట్టే ముందు ప్లగ్గు తీయండి.

ప్రశ్న వేసినవాడు:
ప్లగ్గు తీసి జరిపి చూశాను, గోడకేం తగలట్లేదు. మళ్లీ పెట్టాక అదే గుయ్. ఊరికే ఫ్రిజ్ మీద చెయ్యి వేస్తే పైన పెట్టిన స్టీలు డబ్బా మూత వణుకుతోంది, వేలితో నొక్కితే చప్పుడు సగానికి సగం పోయింది. డబ్బా కింద దించేశాను. బుడబుడ ఇంకా వస్తోంది గానీ, ఇప్పుడు లేచి వెళ్లి చూడట్లేదు.