ఒకపక్క ఎంఎస్, ఇంకోపక్క మిత్తీలు. రాత్రిళ్లు నిద్ర లేదు, మీరెట్లా నెట్టుకొస్తున్నారు?

కొత్తవాడ_36:
వరంగల్ కొత్తవాడ నుంచి రాస్తున్నా. మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్, మెదడు, వెన్నుపాము నరాలను దెబ్బతీసే జబ్బు) అని తేలి రెండేళ్లు. ఒక ప్రైవేటు ఫైనాన్స్‌లో ఈఎంఐలు వసూలు చేసే పని నాది. పొద్దంతా అప్పు కట్టమని జనం వెంట పడతా, సాయంత్రం ఇంటికొచ్చాక నా ఫోన్ మోగితే నేను ఎత్తను. నవ్వుకోండి, నాకే ఒక్కోసారి నవ్వొస్తది.

మొదలైంది ఎనుమాముల మార్కెట్లో. మిర్చి సీజన్, వసూలుకు పోయి నిలబడ్డా, ఎడమ కన్ను మసకగా ఉంది. కుడి కన్ను మూసి చూస్తే అంత ఎర్రటి మిర్చి కుప్ప వానకు వెలిసిపోయిన ఇటుక లెక్క కనిపించింది. ఘాటుకనుకొని వారం రోజులు చుక్కల మందు వేసుకున్నా. తర్వాత హైదరాబాద్, ఎమ్మారై, వెన్నులో నీళ్లు తీసి పరీక్ష, ఐదు రోజులు స్టెరాయిడ్ సెలైన్. కన్ను చాలావరకు వచ్చింది. అప్పుడు చేసిన అప్పే పోవట్లేదు.

లెక్క చెప్తా. జీతం 19,800. మందులు 5,500. తెలిసినాయన దగ్గర తెచ్చిన లక్షకు మూడు రూపాయల మిత్తి, నెలకు 3,000, అసలు ఒక్క రూపాయి తగ్గలేదు. లక్ష చిట్టీ ఒకటుంది, 20 నెలలది, నెలకు 5,000, పదకొండు కట్టా, ఇంకా ఎత్తలేదు. బండి ఈఎంఐ 3,100. కిరాయి 4,500. కూడితే 21,100. బియ్యం, పాప స్కూలు ఇందులో లేవు, అవి మా ఆవిడ కుట్టుమిషన్ మీద నడుస్తున్నాయి. రాత్రి రెండింటికి లేచి పాప నోట్‌బుక్ వెనక పేజీలో ఇదే లెక్క మళ్లీ రాస్తుంటా, ఎప్పుడో ఒకసారి తక్కువ వస్తదన్నట్టు.

అసలు బాధ ఏంటంటే, ఆ టైంలోనే కాళ్లు తిమ్మిరెక్కుతాయి. టెన్షన్‌కా, జబ్బు తిరగబెట్టిందా తెలియదు. తిరగబెట్టిందంటే మళ్లీ ఎమ్మారై, మళ్లీ పైసలు. అందుకే పోయిన నెల కుడి చెయ్యి నాలుగు రోజులు మొద్దుబారినా ఎవరికీ చెప్పలేదు. దానంతటదే తగ్గింది. ఈ నెల నుంచి గోలీలు రోజు విడిచి రోజు వేసుకుంటున్నా, నెల డబ్బా రెండు నెలలు వస్తుందని. ఈ సంగతి ఇంట్లో తెలియదు. అప్పు కూడా ఆమెకు యాభై వేలే అని చెప్పా.

ధైర్యంగా ఉండు, దేవుడున్నాడు అనే మాటలు చాలా విన్నా. ఈ రోగంతో, ఈ అప్పుతో మీరు రాత్రిళ్లు ఎలా పడుకుంటున్నారో అది చెప్పండి.

కరీంనగర్_అక్క:
తమ్మీ, ముందు ఆ గోలీల సంగతి. రోజు విడిచి రోజు వేసుకోవడం ఈరోజే ఆపు, డాక్టర్‌కు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పు. కోప్పడతారని నేనూ ఆరు నెలలు చెప్పలేదు. చివరికి ఒకరోజు సిగ్గు విడిచి "సార్, నెలకు ఇంత దాటితే నాతో కాదు" అని అంకె చెప్పా. ఆయన మందే మార్చారు. ఎంఎస్‌కు ఒకటే మందు ఉండదు, కొన్నింటికి మన దేశంలోనే తయారయ్యే చవక రకాలు ఉన్నాయి, కొన్ని ఆరు నెలలకోసారి ఎక్కించేవి ఉన్నాయి. ఏది పడుతుందో నీ రిపోర్టు చూసి వాళ్లే చెప్పాలి, కానీ నీ జేబులో ఎంతుందో నువ్వు చెప్పందే వాళ్లకు తెలియదు కదా.

తిమ్మిరి గురించి. నాకు పదకొండేళ్ల నుంచి ఉంది ఈ జబ్బు, మొదటి మూడేళ్లు చీమ కుట్టినా రిలాప్స్, అంటే జబ్బు తిరగబెట్టింది, అనుకునేదాన్ని. మా డాక్టర్ నేర్పిన లెక్క ఏంటంటే, కొత్త లక్షణమో, పాతది గట్టిగానో వచ్చి 24 గంటలు దాటి విడవకుండా ఉంటే, జ్వరం, యూరిన్ ఇన్ఫెక్షన్ లాంటివి లేకపోతే, అది రిలాప్స్ కావచ్చు, వెంటనే చూపించాలి. అట్లా కాకుండా ఎండకు, జ్వరానికి, నిద్ర లేకపోతే, మనసు బాగోకపోతే పాత లక్షణాలే కాసేపు పైకి వచ్చి పోతుంటాయి. ఒళ్లు వేడెక్కితే దెబ్బతిన్న నరంలో కబురు సరిగ్గా పోదు, అంతే, కొత్త దెబ్బ కాదు. మే నెలలో గిన్నెలు తోముతుంటే నా చేతిలో నుంచి చెంబు జారిపోతుంది, తడి తువ్వాలు మెడకు చుట్టుకొని కూలర్ ముందు అరగంట కూర్చుంటే మళ్లీ పట్టు వస్తుంది. నీ రాత్రి తిమ్మిరి చాలావరకు ఈ రకమేనేమో. కానీ చెయ్యి నాలుగు రోజులు మొద్దుబారిందన్నావు చూడు, దాన్ని టెన్షన్ ఖాతాలో వెయ్యకు. తగ్గినా సరే చెప్పు.

ఇంకోటి, రాత్రి రెండింటికి లేవడం అప్పు వల్లే అనుకోకు. ఈ జబ్బులో దిగులు, ఆందోళన కూడా జబ్బులో భాగంగా వస్తాయి, స్టెరాయిడ్ ఎక్కించిన రోజుల్లో నిద్ర ఎలాగూ ఉండదు. నేను ఏడాదిన్నర దానికి మందు వాడా, నామోషీ ఏం లేదు. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్యుల ఓపీ ఉంటుంది. అర్ధరాత్రి గుండె దడదడలాడితే 14416 కి చెయ్యి, టెలి మానస్ అని ప్రభుత్వానిదే, పైసలు పడవు, తెలుగులోనే మాట్లాడతారు. నేను రెండుసార్లు చేశా. రెండోసారి ఆ అమ్మాయితో మా మేనమామ భూమి పంచాయితీ కూడా చెప్పుకున్నా, పాపం విన్నది.

రిటైర్డ్_క్యాషియర్_హన్మకొండ:
జబ్బు గురించి నాకు తెలియదు బాబూ, లెక్క గురించి చెప్తా. నీ అయిదు ఖర్చుల్లో మనిషిని తినేది ఒకటే, ఆ మూడు రూపాయల మిత్తి. ఏడాదికి 36 శాతం. దాన్ని మోస్తూ ఇంకోపక్క చిట్టీ ఎత్తకుండా దాచుకోవడం అంటే కుండకు చిల్లి ఉంచుకొని నీళ్లు పోయడం.

ఈ నెలే చిట్టీ పాడు. 12 వేలు తగ్గించుకొని పాడావనుకో, 88 వేలు చేతికొస్తుంది, కమిషన్ ఎట్లాగూ పోయేదే కాబట్టి లెక్కలో వేయట్లేదు. అది మొత్తం పట్టుకుపోయి అసలులో జమ చేయించు, కాగితం మీద రాయించుకో. మిగిలిన 12 వేలకు మిత్తి నెలకు 360. అంటే నెలకు 2,640 మిగులుతుంది. ఇంకా తొమ్మిది వాయిదాలు ఉన్నాయి కాబట్టి తొమ్మిది నెలలకు 23,760. పాటలో పోయింది 12 వేలు, మిగిలింది దానికి దాదాపు రెట్టింపు. ఇంట్లో తులమో అరతులమో ఉంటే మిగతాది బ్యాంకులో కుదువ పెట్టి తీర్చు, అక్కడ నూటికి రూపాయి లోపే పడుతుంది. ఆ 88 వేలలోంచి ఫోనో ఫ్రిజ్జో కొన్నావంటే మాత్రం నేను చెప్పింది మర్చిపో.

జీతం స్లిప్ చూశావా? అందులో ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ ఆరోగ్య బీమా) అని నూట యాభై దాకా కట్ అవుతోందా? జీతం 21 వేలు దాటనివాళ్లకు, వైకల్యం ఉన్నవాళ్లకైతే 25 వేల దాకా ఈఎస్ఐ వర్తిస్తుంది. కట్ అవుతుంటే రెండేళ్లుగా నీ పైసలతో నీకు రావాల్సిన వైద్యం వదులుకుంటున్నట్టే. లైన్లు ఉంటాయి, విసుగు ఉంటుంది, అయినా పోవాలి. ఉద్యోగం మానేద్దామన్న ఆలోచన ఉంటే ఇది తేల్చుకునే దాకా మానకు.

ఫోన్లు ఎత్తకపోవడం గురించి నీకు నేను చెప్పేదేముంది, రికవరీ వాళ్లు పొద్దున 8 లోపు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయొద్దని రిజర్వ్ బ్యాంక్ రూలు నీకే బాగా తెలుసు.

మంచిర్యాల_బిడ్డ:
అన్నా, మా అన్నయ్యకు కూడా ఇదే. 2016 వైకల్య చట్టంలో ఉన్న 21 రకాల్లో మల్టిపుల్ స్క్లెరోసిస్ పేరు పెట్టి ఉంది, కాబట్టి వైకల్య సర్టిఫికెట్‌కు (ఇదివరకు సదరం అనేవాళ్లు) దరఖాస్తు పెట్టుకోండి. 40 శాతం వస్తేనే చాలా పథకాలకు పనికొస్తుంది. అయితే ఆశ పెట్టుకొని పోకండి. మా అన్న మొదటిసారి పోయిన క్యాంపులో "నడుచుకుంటూ వచ్చినవ్ కదయ్యా" అని పంపించేశారు. ఆ రోజు చల్లగా ఉంది, బాగానే నడిచాడు మరి. రెండోసారి ఎమ్మారైలు, కంటి రిపోర్టు, న్యూరాలజిస్టు రాసిన ఉత్తరం, స్టెరాయిడ్ ఎక్కించిన ప్రతిసారి డిశ్చార్జ్ కాగితం అన్నీ తారీఖు ప్రకారం ఫైల్ చేసి తీసుకుపోయాం, అప్పుడు వచ్చింది. మల్టిపుల్ స్క్లెరోసిస్ సొసైటీకి హైదరాబాద్‌లో చాప్టర్ ఉంది, వాళ్లతో కూడా మాట్లాడండి.

బతుకమ్మ_పూలు:
మా ఆయనకు ఎంఎస్. ఆయన కూడా అప్పు దాచారు. సద్దుల బతుకమ్మ రోజు నేను వాకిట్లో తంగేడు పూలు పేరుస్తుంటే ఒకాయన బండి దిగి "ఉన్నాడా?" అని అడిగాడు, చుట్టూ వాడకట్టు ఆడోళ్లందరూ ఉన్నారు. అట్లా తెలిసింది నాకు. అప్పు చేసినందుకు నేను ఒక్క మాట అనలేదు, ఆ వాకిలి సంగతి మాత్రం ఇప్పటికీ అంటుంటా. ఈరోజే చెప్పెయ్యండి అన్నా.

కొత్తవాడ_36:
అందరికీ థాంక్స్. నాలుగు రోజులైంది, జరిగింది చెప్తా.

నిన్న రాత్రి పాప పడుకున్నాక నోట్‌బుక్ తెచ్చి మా ఆవిడ ముందు పెట్టా. లక్ష అని చూపించా. ఆమెకు ముందే తెలుసట. మిత్తికిచ్చినాయన భార్య జాకెట్లు మా ఆవిడ దగ్గరే కుట్టించుకుంటుంది, ఈ ముక్క నాకు తట్టనే లేదు. "నువ్వెప్పుడు చెప్తవోనని చూస్తున్న" అంది. గోలీల సంగతికి మాత్రం ఏడ్చింది. ఇప్పుడు డబ్బా ఆమె దగ్గరే ఉంది, రోజూ అన్నం పెట్టేటప్పుడు పళ్లెం పక్కన పెడుతోంది, చిన్నపిల్లాడిలా ఉంది గానీ సరే.

అక్కా, డాక్టర్‌కు ఫోన్ చేశా, చెయ్యి సంగతి చెప్తే గురువారం రమ్మన్నారు. ఫోన్లోనే అంకె చెప్పేశా, వచ్చాక చూద్దాం అన్నారు. స్లిప్‌లో ఈఎస్ఐ కట్ అవుతోంది సార్, ఆఫీసులో అడిగితే నంబరు ఇచ్చారు. రాత్రి నిద్ర అయితే ఇంకా అంతంతే, నిన్న మూడింటికి మెలకువ వచ్చింది, కాకపోతే లేచి లెక్క రాయలేదు.

చిట్టీ పాట పదో తారీఖున. ఎంత దాకా తగ్గించి పాడొచ్చు సార్?

రిటైర్డ్_క్యాషియర్_హన్మకొండ:
15 వేలు దాటకు. పోటీ ఎక్కువుండి దాటితే ఊరుకో, వచ్చే నెల చూద్దాం. పాటకు ఆమెను కూడా తీసుకుపో.